ఎన్ని దిళ్ళు వేసుకుంటున్నారు?

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక నోటుపుస్తకం ఉంటుంది. పాల లెక్క, ఇస్త్రీ లెక్క, గ్యాసు సిలిండరు ఎప్పుడు మార్చామన్న తేదీ, అన్నీ అందులోనే. నాలుగేళ్ళుగా దాని వెనక పేజీల్లో మా అత్తగారి బి.పి. లెక్క కూడా చేరింది. పొద్దున్న కాఫీకి ముందు ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, మిషను పట్టీ ఆవిడ చేతికి చుట్టి, వచ్చిన అంకెలు రాసిపెట్టేదాన్ని. 128/78, 132/80, 126/76. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తీసి చూపించడంలో నాకు కాస్త గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి. మంచి మార్కులొచ్చిన పిల్ల ప్రోగ్రెస్ కార్డు చూపించినట్టు అన్నమాట!

అలాంటిది, పోయిన శ్రావణమాసంలో ఒక అర్ధరాత్రి చూద్దును కదా, అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ పరుపుకి ఆనించి రొప్పుతున్నారు. "కిటికీ తియ్యవే అమ్మాయ్, గాలాడటం లేదు" అంటారు. కిటికీ తీసే ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పుడు నేను చేసిన మొదటి పనేమిటో తెలుసా? పరుగెత్తి బి.పి. మిషను తెచ్చాను. 134/82. "బి.పి. బాగానే ఉందండీ, గ్యాసు పట్టేసినట్టుంది" అని మా వారితో అన్నాను. సోడా తాగిద్దామా అని కూడా ఆలోచించాం. తెలివైన పని ఏదైనా చేశారంటే అది మా అమ్మాయే. నాయనమ్మ పెదవులు నల్లబడటం చూసి, మమ్మల్ని అడక్కుండానే అంబులెన్సుకి ఫోను చేసేసింది.

పగటిపూట పంజాగుట్ట చౌరస్తా దాటడం ఎంత యమయాతనో ఈ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ రాత్రి ఒంటిగంటకి రోడ్డంతా ఖాళీ. ఐదు నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నాం. ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు, నరానికి మందు ఎక్కించారు. తెల్లారేలోపు రెండు లీటర్ల దాకా మూత్రం పోయింది. పోయినకొద్దీ ఆయాసం తగ్గింది. అంత నీరు ఆ సన్నటి మనిషి ఒంట్లో ఎక్కడ దాక్కుందా అని నేను తెల్లబోయాను.

పొద్దున్నే పెద్ద డాక్టరుగారు వచ్చారు. నేను నా పుస్తకం చేతికిచ్చాను. ఆయన రెండు పేజీలు తిప్పి, పక్కన పెట్టి, అత్తగారినే అడిగారు. "అమ్మా, ఎన్ని దిళ్ళు వేసుకుని పడుకుంటున్నారు?"

వేళాకోళం ఆడుతున్నారేమో అనుకున్నాను. అత్తగారు మాత్రం ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు గబగబా చెప్పేశారు. "ఒకప్పుడు ఒకటే బాబూ. ఉగాదికి రెండయ్యాయి. పదిహేను రోజుల కిందట మూడు. రెండు రోజులుగా గోడకి చేరగిలబడే కునుకు తీస్తున్నాను."

చూశారా మరి! ఆవిడ దిళ్ళ గలీబులు వారం వారం మార్చేది నేనే. మూడు గలీబులు ఉతికి ఆరేసింది నేనే. ఒక్కసారైనా లెక్కపెట్టానా?

ఆ పూట డాక్టరుగారు ఓపిగ్గా చెప్పిన సంగతి మీకూ చెప్పాలనే ఈ వారం వంటింటి కబుర్లు పక్కన పెట్టాను. అత్తగారికి ఉన్న జబ్బుని హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. పేరు వింటే గుండె ఆగిపోయిందనిపిస్తుంది కానీ, అది కాదు. వచ్చిన రక్తాన్ని వచ్చినట్టు ముందుకు నెట్టే శక్తి గుండెకి తగ్గిందని అర్థం. నెట్టలేకపోతే ఏమవుతుంది? వెనక నిలవ పడుతుంది.

మన వంటింటి సింకుని తలుచుకోండి. కుళాయి ధార బాగానే వస్తూ ఉంటుంది. కింద గొట్టంలో ఏదో అడ్డుపడి నీళ్ళు పోవు. సింకు మెల్లగా నిండుతుంది, చివరికి గట్టు దాటి నేలమీదికి పొర్లుతుంది. చేతికి పట్టీ చుట్టి చూసే బి.పి. ఆ కుళాయి ధార లాంటిది. అది గుండె నుంచి ఒంటికి వెళ్ళే రక్తం ఒత్తిడి. సింకు నిండుతోందా లేదా అన్నది ఆ ధార చెప్పదు. అది తెలియాలంటే ఊపిరితిత్తుల వైపు రక్తనాళాల్లో ఒత్తిడి చూడాలి. అక్కడ అంకెలు వేరు. చేతికి 120/80 ఉండేవాళ్ళకి ఊపిరితిత్తులకి రక్తాన్ని తీసుకెళ్ళే పెద్ద నాళంలో 25/10 దగ్గర ఉంటే అది మామూలు. గుండె వెనక రక్తం నిలవపడితే ఆ చిన్న అంకెలే పెరుగుతాయి. బాగా పెరిగినప్పుడు రక్తంలోని నీరు సన్న నాళాల గోడల్లోంచి ఊరి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మనిషి పడుకుంటే కాళ్ళలో ఉన్న రక్తం కూడా ఛాతీవైపు వచ్చి చేరుతుంది కనక ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది. అందుకే దిండు మీద దిండు!

"ఇది నిన్న రాత్రి మొదలైంది కాదమ్మా. లోపల ఒత్తిడి పెరగడం రెండు మూడు వారాల కిందటే మొదలై ఉంటుంది. ఆ రోజుల్లో ఏం జరిగిందో చెప్పండి" అన్నారు డాక్టరుగారు.

ఏం జరుగుతుంది? పెళ్ళి జరిగింది. మా పినమామగారి మనవరాలి పెళ్ళి. ముందురోజు స్నాతకం, మర్నాడు ముహూర్తం, ఆ మర్నాడు వ్రతం. మూడు రోజులూ అత్తగారు హుషారుగా తిరిగారు. హుషారు ఎక్కణ్ణించి వచ్చిందంటే, మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్రల్లోంచి. తెచ్చింది నేనే. పూటకొకటి చొప్పున పది రోజులు వేశాను. మనం చాక్లెట్లలా మింగే ఈ నొప్పి మాత్రల్లో చాలావాటికి ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచే గుణం ఉందట. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అన్నవి ఆ కోవలోవే. గుండె జబ్బున్న మనిషికి అవి ఎంత చేటో అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

ఇంకో సంగతి అత్తగారు నన్ను బయటికి పంపి డాక్టరుగారికి చెప్పబోయారు. నేను గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను. పెళ్ళి మూడు రోజులూ ఆవిడ నీటి మాత్ర వేసుకోలేదు. అదే, ఒంట్లో నీరు మూత్రంలో పోవడానికి పొద్దున్నే వేసుకునే మాత్ర. వేసుకుంటే గంటలో మొదలై మధ్యాహ్నం దాకా నాలుగైదుసార్లు వెళ్ళాలి.

"మండపంలో బాత్రూం మేడమీద ఉంది బాబూ. పట్టుచీర కట్టుకుని, ఈ మోకాళ్ళతో ఎన్నిసార్లు ఎక్కిదిగను? వందమంది మధ్యలోంచి మాటిమాటికీ లేచి వెళ్తుంటే ఏమనుకుంటారు? ఆడదాన్ని, ఎవరితో చెప్పుకోను?"

ఇంటికొచ్చాక కూడా అలవాటు తప్పిపోయి రోజు మార్చి రోజు వేసుకున్నారట. పెళ్ళివారింటి పులిహోర, అప్పడాలు, కొత్తావకాయ సరేసరి. నాకు కోపం రావాలి నిజానికి. రాలేదు. మనలో ఎంతమందిమి బస్సెక్కేముందు మంచినీళ్ళు మానేసి ప్రయాణం చెయ్యలేదు చెప్పండి?

నాలుగో రోజున ఇంటికి తెచ్చాం. ఆ రాత్రే అట్లాంటా నుంచి మా ఆడపడుచు ఫోను. తల్లిని చూడాలని ఏడుపు. ఏడ్చి ఏడ్చి చివరికి అంది, "వదినా, ఇక్కడ మా స్నేహితురాలి మామగారికి ఇదే జబ్బు. ఆయన గుండె దగ్గర ఏదో చిన్న మిషను పెట్టారు. రోజూ ఒక దిండు మీద పడుకుంటే చాలు, లోపల ఒత్తిడి ఎంతుందో డాక్టరుకి తెలిసిపోతుంది. అమ్మకి అలాంటిది పెట్టించలేకపోయారా?"

పెట్టించలేకపోయారా అన్న మాట దగ్గర నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. రోజుకి రెండుసార్లు పట్టీ చుట్టింది నేను. సరే, దూరాన ఉన్న కూతురి బాధ అలాగే ఉంటుందని సర్దుకున్నాను. కానీ ఆ దిండు మాట నన్ను వదల్లేదు. ఇక్కడ డాక్టరుగారు అడిగిందీ దిళ్ళ లెక్కే, అక్కడ మిషను ఉన్నదీ దిండులోనే! ఏమిటా సంగతి అని మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని నాలుగు రోజులపాటు చదివాను.

రక్తనాళం లోపల ఒత్తిడి ఎంతో కొలవాలన్న యావ మనుషులకి మూడు వందల ఏళ్ళ నుంచీ ఉంది. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే చర్చి గురువు ఒక ఆడగుర్రం కాలి నాళంలో గొట్టం గుచ్చి, దానికి నిలువుగా గాజుగొట్టం తగిలిస్తే, రక్తం ఎనిమిదడుగుల పైకి ఎక్కిందట. ఆ ముచ్చట 1733లో పుస్తకంగా అచ్చువేశాడు. మనం చేతికి చుట్టే పట్టీ 1896లో ఇటలీలో రీవా-రోచీ అనే డాక్టరు తయారుచేసినది. గుచ్చడం, కొయ్యడం లేకుండా పని జరిగిపోయింది కనక లోకమంతా పట్టీ వెంటే పడింది. గుండె లోపలి మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ తలుపు తీసిన కథలో ఒక నర్సు ఉంది. నాకు బాగా నచ్చిన భాగం అదే. 1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డె అన్న ఊళ్ళో వెర్నర్ ఫోర్స్‌మన్ అని ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. చేతి నరంలోంచి సన్న గొట్టం తోస్తే గుండె దాకా వెళ్తుందని అతని నమ్మకం. పైవాళ్ళు ససేమిరా వద్దన్నారు. పనిముట్ల బీరువా తాళాలు నర్సు గెర్డా డిట్జెన్ దగ్గర ఉండేవి. ఆమెకి విషయం వివరించి చెప్తే, "అయితే ఆ ప్రయోగం నా మీదే చెయ్యండి" అంది. అతను సరేనని ఆమెని బల్లకి కట్టేసి, ఆమె చేతికి మందు రాస్తున్నట్టు నటిస్తూ, గొట్టం తన చేతిలోకే తోసుకున్నాడు! సంగతి తెలిసి ఆమె మండిపడిందట. పడదూ మరి! కట్లు విప్పాక మాత్రం అతనికి తోడుగా మెట్లు దిగి ఎక్స్‌రే గది దాకా వెళ్ళింది. గొట్టం కొస గుండెలో ఉన్నట్టు అక్కడ బొమ్మలో తేలింది. 1956లో ఫోర్స్‌మన్‌కి, అదే దారిలో పనిచేసిన మరి ఇద్దరు డాక్టర్లకి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. గెర్డా పేరు ఎందరికి తెలుసు?

తరవాత 1970లో గొట్టం కొసకి చిన్న బుడగ తగిలించారు. రక్త ప్రవాహంలో తెరచాప పడవలా అది తనంతట తానే ఊపిరితిత్తుల నాళంలోకి తేలిపోతుంది. ఈనాటికీ పెద్దాసుపత్రుల్లో మరీ సీరియస్‌గా ఉన్నవాళ్ళకి అది వాడతారు. కానీ గొట్టం పెట్టుకుని ఎన్నాళ్ళు ఉంటారు? ఇంటికి పంపేముందు తీసెయ్యాలి. ఇంటికెళ్ళాక లోపల ఏం జరుగుతోందన్నది మళ్ళీ దేవుడికే ఎరుక.

ఇక మా ఆడపడుచు చెప్పిన మిషను. అది పుట్టిందీ అట్లాంటాలోనే. అక్కడి జార్జియా టెక్ విద్యాలయంలో మార్క్ ఆలెన్ అనే ఇంజనీరింగు ప్రొఫెసరు, జయ్ యాదవ్ అనే గుండె డాక్టరు కలిసి 2001లో కార్డియోమెమ్స్ అన్న కంపెనీ పెట్టారు. మొదట కడుపులోని పెద్ద నాళం ఉబ్బిపోయినవాళ్ళకి ఆ ఉబ్బులో ఒత్తిడి చూసే పరికరం చేశారు. దానికి అమెరికా ప్రభుత్వం 2005లో అనుమతి ఇచ్చింది. ఊపిరితిత్తుల నాళంలో పెట్టే పరికరానికి 2014 మే నెలలో అనుమతి వచ్చింది. ఇప్పుడది అబాట్ కంపెనీ చేతిలో ఉంది.

వస్తువు ఖర్జూరం గింజకన్నా పొట్టిది, సన్నది. ఒకటిన్నర సెంటీమీటరు పొడవు. కదలకుండా నిలబడ్డానికి రెండు కొసలా సన్నని తీగ ఉచ్చులు. తొడ మొదట్లో నరంలోంచి గొట్టం ద్వారా పంపి, గుండెని దాటించి, ఊపిరితిత్తుల నాళం కొమ్మలో వదిలేస్తారు. ఛాతీ కొయ్యడం, కుట్లు ఉండవు. కొన్నాళ్ళకి నాళం లోపలి పొర దాని మీద అల్లుకుపోతుంది. మళ్ళీ తీసేది లేదు.

దాంట్లో బ్యాటరీ లేదంటే మీరు నమ్ముతారా? నేను నమ్మలేదు. చార్జింగు లేకుండా సెల్‌ఫోనే ఒక పూట ఉండదు కదా! మా అమ్మాయి ఇలా చెప్పింది. మృదంగం మీద వేళ్ళతో కొడితే ఒక శ్రుతి పలుకుతుంది. అరచేత్తో చర్మాన్ని నొక్కిపట్టి కొడితే శ్రుతి మారుతుంది. ఎంత నొక్కితే అంత మార్పు. ఈ గింజకీ అలాంటి పల్చటి చర్మం ఒకటుంది. రక్తం ఒత్తిడి పెరిగితే అది లోపలికి వంగుతుంది. లోపల చిన్న తీగచుట్ట ఉంటుంది. బయటి నుంచి రేడియో తరంగాలు పంపినప్పుడు ఆ తీగచుట్ట ఒక శ్రుతిలో బదులు పలుకుతుంది. పలికే శక్తి కూడా ఆ తరంగాల్లోంచే వస్తుంది. అందుకే బ్యాటరీతో పనిలేదు. చర్మం ఎంత వంగిందో దాన్ని బట్టి శ్రుతి మారుతుంది, శ్రుతిని బట్టి ఒత్తిడి లెక్క తెలుస్తుంది. తరంగాలు పంపి, బదులు వినే సరంజామా అంతా దిండులో ఉంటుంది. పేషెంటు రోజుకోసారి దాని మీద వెల్లకిలా పడుకుని బటన్ నొక్కితే, కాసేపట్లో అంకె డాక్టరుగారి ఆఫీసుకి చేరిపోతుంది.

బాగుంది కదూ! అయితే అంకె చేరగానే రోగం తగ్గదు. దీని మీద అమెరికాలో 550 మంది రోగులతో చేసిన పరిశీలన 2011లో వెలువడింది. అందరికీ గింజ పెట్టారు. అందరూ రోజూ దిండు మీద పడుకున్నారు. కానీ సగం మంది అంకెల్నే డాక్టర్లకి చూపించారు, మిగతా సగం మందివి చూపించలేదు. అంకెలు చూసి మందులు సర్దినవాళ్ళలో, ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరడం ఆరునెలల్లో నూటికి 28 వంతులు తగ్గింది. తక్కినవాళ్ళ ఒంట్లోనూ అదే గింజ ఉంది. చూసేవాళ్ళు లేక అది ఉండీ లాభం లేకపోయింది.

దీనికో కొసమెరుపు కూడా ఉంది. అనుమతి ఇవ్వాల్సిన సలహా సంఘం 2011లో ఒక అభ్యంతరం లేవదీసింది. అంకెలు చూపించిన సగం మంది విషయంలో కంపెనీ తరఫు నర్సులు కూడా డాక్టర్లకి సలహాలిచ్చారు, మరి గుణమిచ్చింది గింజా, నర్సమ్మ శ్రద్ధా అని. కంపెనీ మళ్ళీ లెక్కలన్నీ విడమర్చి చూపిస్తే గాని 2014 దాకా అనుమతి రాలేదు. 2021లో వెయ్యిమందితో చేసిన మరో పరిశీలనలో తేడా అంత గట్టిగా తేలలేదు, మధ్యలో కోవిడ్ వచ్చి లెక్కలు తారుమారు చేసింది. 2023లో నెదర్లాండ్స్‌లో 348 మందిని చూస్తే మాత్రం ఆసుపత్రి చేరికలు తగ్గాయి, రోగుల రోజువారీ బతుకూ తేలికపడింది. అమెరికాలో పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమా 2025 జనవరిలో దీన్ని తన ఖర్చుల కింద చేర్చుకుంది, కొన్ని షరతులతో.

ఇదంతా చదివాక నేను మా పెళ్ళి రోజులు లెక్కవేసుకున్నాను. అత్తగారి ఒంట్లో ఆ గింజ ఉండి ఉంటే స్నాతకం మర్నాటికో, ఆ మర్నాటికో అంకె పైకి కదిలేది. ఎక్కణ్ణించో ఒక నర్సు ఫోను చేసేది. "అమ్మగారూ, నీటి మాత్ర వేసుకుంటున్నారా?" అని అడిగేది. అత్తగారు సిగ్గుపడుతూనైనా చెప్పేవారు. పదిహేను రోజుల ముందు అడగాల్సిన మాట, అర్ధరాత్రి అంబులెన్సు అయ్యాక అడిగించుకున్నాం మేము.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని అడిగాను, మాకూ పెట్టించవచ్చా అని. మన దగ్గర అది ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదన్నారు. అమెరికాలో మొదట వచ్చినప్పుడు ఒక్క గింజ ఖరీదే 18 వేల డాలర్ల దరిదాపుల్లో ఉండేది. మన డబ్బులో పదిహేను లక్షల మాట. ఆసుపత్రి ఖర్చు అదనం. అందరికీ అవసరమూ ఉండదట, మందులు సరిగ్గా వాడుతూ కూడా మళ్ళీ మళ్ళీ చేరుతున్నవాళ్ళకే. పెట్టేటప్పుడు రక్తస్రావం లాంటి చిక్కులు అరుదుగానైనా ఉంటాయి, పెట్టాక కొన్నాళ్ళు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడాలి.

పదిహేను లక్షలనగానే మా వారు మాట్లాడలేదు. ఆసుపత్రి మెట్లు దిగి ఆటో కోసం చూస్తుంటే ఎదురుగా నిమ్స్ వైపు బస్సులు పోతున్నాయి. మా అత్తగారి నోట్లో అది ఇప్పటికీ "నిజాం ఆర్థోపెడిక్" ఆసుపత్రే. ఖరీదైన వస్తువుని మన చేతికి అందేలా చేసిన కథ ఒకటి ఈ పంజాగుట్టలోనే జరిగింది మరి. హైదరాబాదులో క్షిపణుల మీద పనిచేస్తున్న అబ్దుల్ కలాం గారి ప్రయోగశాలకి నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు వెళ్ళారు. అగ్ని క్షిపణికి వాడిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని తన ఆసుపత్రికి తీసుకొచ్చారు. మూడు కిలోలకి పైగా బరువున్న ఇనప కాలిపర్లు తగిలించుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లల్ని చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. కలాం గారు ఆ సంగతి ఎన్నో సభల్లో చెప్పుకున్నారు.

అక్కడితో ఆగలేదు. నిమ్స్‌లో పనిచేసిన గుండె డాక్టరు సోమరాజు గారితో కలిసి కలాం గారు 1990లలో తక్కువ ఖర్చు స్టెంటు తయారుచేయించారు. దానికి వాళ్ళిద్దరి పేర్లూ కలిపి కలాం-రాజు స్టెంట్ అన్నారు. స్టెంటు అంటే గుండె నాళం పూడిపోకుండా లోపల నిలబెట్టే సన్న జల్లెడ గొట్టం. అప్పట్లో అదీ పరదేశపు వస్తువే, కొనాలంటే పుస్తెలమ్మాల్సిందే. ఇంకా తరవాత, 2017 ఫిబ్రవరిలో, కేంద్ర ప్రభుత్వం స్టెంట్ల ధరకి హద్దు పెట్టింది. లక్ష, లక్షన్నర దాకా పలికిన మందు పూత స్టెంటుని 29,600 రూపాయలకి, మామూలు స్టెంటుని 7,260కి దించింది. కాబట్టి ఈ గింజ కూడా ఎప్పటికీ పదిహేను లక్షలే అని నేను అనుకోవడం లేదు. మా అత్తగారికి అందుతుందా అంటే, ఆవిడకి డెబ్భై ఆరు.

అంతవరకూ ఏం చెయ్యమంటారని అడిగితే డాక్టరుగారు ముందు నొప్పి మాత్రల పేర్లు రాయించుకుని, అన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టారు. మోకాళ్ళకి వేరే మందు రాసిచ్చారు. బరువు తూచే మిషను ఒకటి కొనమన్నారు. పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చాక, కాఫీకి ముందు, అవే రకం బట్టలతో తూచాలి. ఒక్క రోజులో కిలోకి మించి పెరిగినా, వారంలో రెండు కిలోలు పెరిగినా అది అన్నం తెచ్చిన బరువు కాదు, నీరు. వెంటనే ఫోను చెయ్యాలి. బరువు, లోపలి ఒత్తిడి కన్నా ఆలస్యంగా కదులుతుందనీ, కొందరికి ఆయాసం వచ్చేదాకా పెద్దగా పెరగకపోవచ్చనీ కూడా ఆయనే చెప్పారు. అందుకే బరువు పక్కన ఇంకో గడి గీయించారు. రాత్రి ఎన్ని దిళ్ళు. ఇంకోటి, కాళ్ళ వాపు. చీలమండ పైన వేలితో నొక్కి వదిలితే గుంట పడి ఉండిపోతే ఉన్నట్టు.

ఉప్పు దగ్గర మాత్రం ఇంట్లో యుద్ధమే జరిగింది. రోజు మొత్తానికి ఒక చిన్న చెంచాడు, అంతే. కూరలో, పులుసులో, మజ్జిగలో, అప్పడంలో, ఊరగాయలో ఉన్నదంతా కలిపి. నేను తెలివిగా బజార్లో సోడియం తక్కువని అమ్మే ఉప్పు ప్యాకెట్టు తెచ్చాను. అదృష్టం బాగుండి వాడేముందు ఫోను చేసి అడిగాను. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. అత్తగారు వాడే గుండె మాత్రల్లో కొన్ని ఒంట్లో పొటాషియం నిలవ చేస్తాయి, రెండూ కలిస్తే ప్రాణం మీదికి రావచ్చునన్నారు. మీ ఇళ్ళల్లో ఎవరికైనా గుండెకో కిడ్నీకో మందులు వాడుతుంటే, ఆ ప్యాకెట్టు విప్పే ముందు డాక్టరుని అడగండి. నిమ్మరసం, కొత్తిమీర, వేయించిన జీలకర్ర పొడి కాస్త ఎక్కువ వేస్తే చప్పిడి బాధ కొంత తీరుతుంది. కొంతే. ఆవకాయ జాడీ వంక అత్తగారు చూసే చూపు చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఆదివారం నాడు వేలికొసకి అంటినంత ఊట వేస్తున్నాను.

నీటి మాత్ర సంగతి కూడా తేల్చేశాం. మానడానికి వీల్లేదు, కానీ బయటికి వెళ్ళే రోజున వేళ మార్చుకోవచ్చు, పొద్దున్న బదులు ఇంటికొచ్చాక మధ్యాహ్నం వేసుకోవచ్చునని ఆవిడ విషయంలో డాక్టరుగారు ఒప్పుకున్నారు. ఇంత చిన్న వెసులుబాటు ఉందని ముందే తెలిస్తే ఆ మూడు రోజులు వేరేగా గడిచేవి.

ఇప్పుడు నోటుపుస్తకంలో బి.పి. పక్కన బరువు, దిళ్ళు, వాపు. అంకెలు ప్రతి ఉదయం మా ఆడపడుచుకి ఫోనులో పంపుతున్నాను. అక్కడ రాత్రవుతుంది, అది చూసుకుని గాని పడుకోదు. మొన్న ఒక రోజు బరువు ఎనిమిది వందల గ్రాములు పెరిగితే, నాకంటే ముందు తనే ఫోను చేసింది. "అమ్మ నిన్న ఏం తింది వదినా?" అని. అప్పడాలు. రెండు. నేను గుడికి వెళ్ళినప్పుడు, పనమ్మాయి చేత కాల్పించుకుని! తల్లిని ఫోనులోనే దులిపేసింది. నేను అనలేని మాటలన్నీ తను అంటుంటే, పక్కన కూర్చుని వింటూ నాకు మహదానందంగా ఉంది.

వచ్చే నెల బల్కంపేటలో మా బంధువుల ఇంట పెళ్ళి. శుభలేఖ ఇవ్వడానికి దంపతులు వచ్చారు. అత్తగారు బొట్టు పెట్టించుకుని, శుభలేఖ పక్కన పెట్టి, ముహూర్తం ఎప్పుడని అడగలేదు, పిల్లవాడు ఏం చదివాడనీ అడగలేదు.

"మండపంలో బాత్రూం కిందే ఉందా, మేడమీదా?" అన్నారు.